చూపు చరిత్ర – 6: లెన్సు అంటే దూరం, ఫిల్టరు అంటే కాదనడం



ఇంతవరకూ ఈ వరుసలో మన గురించి రాసిన మాటల చరిత్ర చూశాం. ఈ భాగం మనల్ని తీసిన బొమ్మల గురించి. దీనికి కారణం ఒక ప్రశ్న. ఐ.పోలవరం మండలంలో (ప్రాజెక్టు పోలవరం కాదు, గౌతమి పాయ పక్కనున్న మన కోనసీమ పోలవరం) కొందరు డిగ్రీ పిల్లలు చందాలు వేసుకుని కొత్త డీఎస్ఎల్ఆర్ కెమెరా కొన్నారు. ఏప్రిల్ 14 ఊరేగింపులు, పేటల్లో సభలు, ముసలివాళ్ళ జ్ఞాపకాలు, అవసరం పడితే దాడి జరిగిన చోటు, ఇవన్నీ తీయాలని వాళ్ళ ఆలోచన. "బాడీ కొనేశాం సార్, లెన్సులు ఏవి కొనాలి, ఫిల్టర్లు ఏవి కొనాలి?" అని అడిగారు.

షాపువాళ్ళు దీనికి అయిదు నిమిషాల్లో జవాబు చెప్తారు. వాళ్ళు చెప్పేది పెళ్ళిళ్ళ జవాబు. మన పనికి జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. లెన్సు ఎంచుకోవడమంటే మనిషికి ఎంత దూరంలో నిలబడాలో ఎంచుకోవడం. ఫిల్టరు పెట్టడమంటే ఏ వెలుగును లోపలికి రానివ్వకూడదో నిర్ణయించడం. ఎక్స్‌పోజర్ అంటే ఎవరి ముఖాన్ని కొలతగా పెట్టుకున్నామో చెప్పడం. దూరం, రానివ్వకపోవడం, కొలత. ఈ మూడు మాటలూ మనకి కొత్తవా? ఊరికీ పేటకీ మధ్య ఉన్నవి ఇవే కదా.

ముందు దూరం సంగతి

ఫొటోగ్రఫీ 1839లో లోకానికి ప్రకటితమైంది. మరుసటి ఏడే, 1840లో, జోసెఫ్ పెట్జ్‌వాల్ మనుషుల ముఖాలు తీయడానికి వీలైన వేగవంతమైన లెన్సు రూపొందించాడు. అంతకుముందు మనిషి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాల్సి వచ్చేది. ఆ లెన్సు వచ్చాక ముఖం తీయడం వ్యాపారమైంది. మన దేశంలో అది వ్యాపారంతో ఆగలేదు, పాలన అయింది. 1857 తిరుగుబాటు తర్వాత, ఏలుతున్న జనం ఎవరో తెలుసుకోవాలన్న ఆత్రం తెల్లదొరలకు పెరిగింది. ఫోర్బ్స్ వాట్సన్, జాన్ విలియం కే సంపాదకత్వంలో 1868 నుంచి 1875 వరకు ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ 8 సంపుటాలుగా వచ్చింది. 460కి పైగా ఫొటోలు. వాటి కింద ఎక్కువగా కనిపించేది కులం పేరో తెగ పేరో. దానితోపాటు ఆ కులం నమ్మదగిందా, దొంగబుద్ధి గలదా అన్న తీర్పు. ముఖం ఒక మనిషిది, పేరు కులానిది.

మన మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ పనిని ఎడ్గార్ థర్స్టన్ మరో మెట్టు ఎక్కించాడు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా ఉంటూ ఊళ్ళు తిరిగి మనుషుల తలలు, ముక్కులు కొలిచాడు. కె. రంగాచారితో కలిసి 1909లో 7 సంపుటాల ‘క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’ అచ్చువేశాడు. మాలలూ మాదిగలూ అందులో ఉన్నారు. సాహిత్య విద్యార్థులుగా మనం దాన్ని ఈనాటికీ ఉదాహరిస్తాం. పాటలు, ఆచారాలు, ఇంటిపేర్లు దొరుకుతాయి కాబట్టి పూర్తిగా పారేయలేం. కానీ అక్కడ కెమెరా ముక్కు కొలిచే కొలబద్దకు తోబుట్టువుగా పనిచేసిందని మరవకూడదు. ఎదుటివాడు మాట్లాడేవాడు కాదు, నమూనా.

ఇంకో దూరం ఉంది. 1876–78 నాటి కరువు మద్రాసు ప్రెసిడెన్సీని తుడిచిపెట్టింది. మన రాయలసీమ జిల్లాలు దాని నడిమధ్యన ఉన్నాయి. విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి ఎముకలగూడులైన మనుషుల్ని గుంపులుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. తీసుకున్నాక వాళ్ళకి తిండి పెట్టించకుండా పంపేశాడన్న విమర్శ అతని మీద ఉంది. ఆ ఫొటోలు లేకపోతే ఆ కరువు ముఖం మనకు తెలిసేదే కాదు. అయినా వాటిని చూసిన ప్రతిసారీ కడుపులో తిప్పుతుంది. సాక్ష్యానికీ దోపిడీకీ మధ్య గీత ఎంత సన్ననిదో అక్కడ కనిపిస్తుంది.

అదే కాలంలో హైదరాబాదులో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ 1892లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. అక్కడ ఫొటోలు తీసింది ఒక ఆంగ్ల మహిళ. అంటే గొప్పింటి ఆడవాళ్ళ ముఖం ఎవరు చూడాలి, ఎంత దూరం నుంచి చూడాలి అన్నదానికి కెమెరాయే వంగి సర్దుకుంది. కరువులో కూర్చోబెట్టిన తల్లిని మాత్రం ఎవరూ అడగలేదు. అనుమతి అనేది అందరికీ ఒకేలా దక్కిన హక్కు కాదు.

కెమెరా ముందు కూర్చున్నవాళ్ళు తిరగబడ్డ చరిత్ర

దీనికి ఎదురు చరిత్ర కూడా ఉంది. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 19వ శతాబ్దపు అమెరికాలో అందరికంటే ఎక్కువగా ఫొటోలు తీయించుకున్న మనిషి. 160 దాకా ఇప్పటికి లెక్కకు వచ్చాయి. తెల్లవాళ్ళు గీసే వెక్కిరింపు బొమ్మలకు జవాబుగా ఆయన సూటిగా చూసే తన ముఖాన్ని నిలబెట్టాడు. ఫొటోగ్రఫీ గురించి ఉపన్యాసాలు కూడా ఇచ్చాడు.

మన బాబాసాహెబ్‌ని చూడండి. సూటు, టై, కళ్ళద్దాలు, చేతిలో పుస్తకం. ఒంటి మీద మంచి గుడ్డ వేసుకోవడమే నేరమైన చోట ఆ ఫొటోలు ఊరికే దిగినవి కావు. ఆ ఫొటోల నుంచే విగ్రహాలు పుట్టాయి. ఇవాళ కోనసీమలో ఏ పేట మొదట్లోనైనా నీలం కోటులో నిలబడింది ఒక ఫొటో చేసిన పనే.

ఈ కాలానికి వస్తే ముంబై పారిశుధ్య కార్మికుల జీవితాన్ని ఏళ్ళ తరబడి తీసిన సుధారక్ ఓల్వే ఉన్నారు. తమిళనాడులో ఎం. పళని కుమార్ ఉన్నారు. చేపలమ్మే తల్లి కొడుకు. మలమూత్రాలు ఎత్తే పనిలో చనిపోయినవాళ్ళ కుటుంబాలను తీశారు, పనివాళ్ళ పిల్లలకు కెమెరా పట్టడం నేర్పుతున్నారు. వీళ్ళ ఫొటోల్లో మొదట కనిపించేది దగ్గరితనం. అది జూమ్ తిప్పితే వచ్చింది కాదు, నడిచి వెళ్ళి పక్కన కూర్చుంటే వచ్చింది.

అయితే ఏ లెన్సు?

మీ కెమెరాతోపాటు 18–55 మి.మీ. కిట్ లెన్సు వచ్చే ఉంటుంది. దాన్ని చిన్నచూపు చూడకండి. ఊరేగింపుకీ సభకీ పగటిపూట అది చాలు. దానికి తోడు ఒక్కటే కొనగలిగితే స్థిర నాభ్యంతరం ఉన్న లెన్సు, అంటే ప్రైమ్, కొనండి. మీది చిన్న సెన్సర్ కెమెరా కాబట్టి నికాన్‌లో 1.5 రెట్లు, కానన్‌లో 1.6 రెట్లు లెక్క వేసుకోవాలి. 35 మి.మీ. ప్రైమ్ మీకు 52–56 మి.మీ. చూపు ఇస్తుంది. ఎదురుగా అరుగు మీద కూర్చుని మాట్లాడే దూరం అది. అందరూ ముందు చెప్పే 50 మి.మీ. చవక, మంచిదే. కానీ అది 75–80 మి.మీ. లెక్కకు వస్తుంది. పేటలో ఒక గది ఇంట్లో దాంతో అమ్మమ్మని తీయాలంటే మీరు గోడకి అతుక్కుపోవాలి. అందుకే నా ఓటు 35కి. కానన్ వాళ్ళకి 24 మి.మీ. చిన్న లెన్సు కూడా బాగుంటుంది.

ప్రైమ్ కొనమనడానికి అసలు కారణం వెలుగు. కిట్ లెన్సు 55 దగ్గర ఎఫ్/5.6 మాత్రమే తెరుచుకుంటుంది. ప్రైమ్ ఎఫ్/1.8 దాకా తెరుచుకుంటుంది. లెక్క వేస్తే సుమారు 10 రెట్ల వెలుగు. రేకుల ఇంట్లో, ఒక్క బల్బు కింద, ఫ్లాష్ కొట్టకుండా మనిషిని తీయగలిగేది దానితోనే. ఫ్లాష్ కొడితే ఇల్లు ఇల్లులా ఉండదు, పోలీసు పంచనామా ఫొటోలా ఉంటుంది.

బాగా వెడల్పు లెన్సుతో రెండడుగుల దూరంలోంచి ముఖం తీయకండి. ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోయి మనిషి వికారంగా కనిపిస్తాడు. అది లెన్సు తప్పు కాదు, దూరం చేసిన పని. ముక్కులు కొలిచిన చరిత్ర ఉన్నవాళ్ళం, మన ముక్కుల్ని మనమే వంకర చేసుకోవద్దు.

ఇక 55–250, 70–300 లాంటి దూరపు లెన్సులు. వేదిక మీద వక్తని తీయడానికి బాగుంటాయి. దూరం ప్రాణరక్షణ అయ్యే సందర్భాలూ ఉన్నాయి. గొడవ జరుగుతుంటే మేడ మీంచి తీయగలగాలి. కానీ మామూలు రోజున కాలవ గట్టు మీద బట్టలుతికే ఆవిడని చాటునుంచి జూమ్ చేసి తీయకండి. దగ్గరికి వెళ్ళి "తీయమంటారాండి?" అని అడగండి. వద్దంటే దండం పెట్టి వచ్చేయండి. అడగకుండా తీసినవాళ్ళ చరిత్ర 8 సంపుటాలుంది. మనం తొమ్మిదోది వేయక్కర్లేదు.

కొలత: ఎవరి ముఖం?

ఫిల్ము రోజుల్లో కొడాక్ కంపెనీ రంగులు సరిచూసుకోవడానికి ల్యాబులకు ఒక ఫొటో పంపేది. దాని మీద తెల్లమ్మాయి. మొదటి అమ్మాయి పేరుతో వాటికి ‘షర్లీ కార్డులు’ అని పేరు పడింది. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులు సరి అన్నట్టు. నల్లటి ముఖాలు ఆ లెక్కలో మసిబొగ్గు ముద్దలయ్యాయి. దీనిమీద ఒత్తిడి మొదట పెద్దగా తెచ్చింది నల్లవాళ్ళు కూడా కాదట. చాక్లెట్లూ చెక్క సామాన్లూ అమ్మే కంపెనీలు తమ సరుకు ముదురు రంగులు సరిగ్గా రావడం లేదన్నాయని కొడాక్‌లో పనిచేసినవాళ్ళే తర్వాత పరిశోధకులకు చెప్పారు. కుర్చీకి దక్కిన న్యాయం మనిషికి తర్వాత దక్కింది.

ఇంకా చేదు కథ పోలరాయిడ్‌ది. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళు మెడకి గుదిబండలా మోయాల్సిన పాస్‌బుక్కుల ఫొటోలకు ఆ కంపెనీ సరంజామా వాడారు. వాళ్ళ ఐడీ-2 యంత్రంలో ఫ్లాష్ వెలుగు పెంచే మీట ఒకటి ఉండేది. అంటే నల్లటి ముఖం సరిగ్గా తీయడం సాంకేతికంగా సాధ్యమే. కుటుంబ ఫొటోలో అవసరం లేనిది, నిఘాలో అవసరమైంది. 1970లో ఆ కంపెనీలోనే పనిచేసే కరొలిన్ హంటర్, కెన్ విలియమ్స్ ఈ సంగతి పసిగట్టి ఉద్యమం లేవదీశారు. 1977లో పోలరాయిడ్ దక్షిణాఫ్రికా వదిలి వెళ్ళాల్సి వచ్చింది. ఇద్దరు ఉద్యోగులతో మొదలైన పోరాటం అది.

మీ చేతిలోని డిజిటల్ కెమెరాకి కులం లేదు, కానీ దానికీ ఒక నడిమి కొలత ఉంది. అది దేన్ని చూసినా మధ్యస్థ బూడిద రంగు అనుకుని వెలుగు లెక్క వేస్తుంది. తెల్ల చొక్కాలు, తెల్ల చీరలు, సున్నం కొట్టిన చర్చి గోడ ఫ్రేము నిండా ఉంటే "వెలుగు ఎక్కువైంది" అనుకుని తగ్గించేస్తుంది. తెల్లబట్ట బూడిదవుతుంది, మన ముఖం చీకటవుతుంది. మందు తేలిక. ఎక్స్‌పోజర్ సర్దుబాటు మీట +1 దాకా పెంచండి, లేదా స్పాట్ మీటరింగ్ పెట్టి ముఖం మీదే కొలవండి. ముఖమే ఫ్రేము నిండా ఉంటే దీనికి తలకిందులు: కెమెరా వెలుగు పెంచి నలుపును పాలిపోయేలా చేస్తుంది, అప్పుడు కొంచెం తగ్గించండి. నలుపు నలుపుగానే, నిండుగా రావాలి. ఏ ముఖం కొలతో కెమెరాకి మీరే చెప్పాలి.

ఫిల్టర్లు: ఏం కాదనాలి?

అద్దం ఫిల్టర్లు మూడు రకాలు చాలు, మూడూ ఒకేసారి అక్కర్లేదు.

మొదటిది యూవీ. ఫిల్ము రోజుల్లో దాని పని వేరు. డిజిటల్ సెన్సర్ ముందే అతినీలలోహిత కిరణాలను ఆపే గాజు ఉంటుంది కాబట్టి ఇప్పుడది కాపలా అద్దం మాత్రమే. సముద్రపు ఉప్పుగాలి, రొయ్యల చెరువుల తడి ఉన్న మన ప్రాంతంలో ఆ కాపలాకి విలువ ఉంది. కానీ చవకది కొంటే మంచి లెన్సు ముందు పెంకు పెట్టినట్టే. కొవ్వొత్తుల ప్రదర్శన తీసేటప్పుడు దాన్ని విప్పేయండి. లేకపోతే ప్రతి దీపానికీ ఒక దయ్యం దీపం తోడవుతుంది.

రెండోది సర్క్యులర్ పోలరైజర్. నీటి మీద, ఆకుల మీద మెరుపుని కోసేస్తుంది, సూర్యుడికి 90 డిగ్రీల పక్కగా చూస్తే ఆకాశాన్ని ముదురు నీలం చేస్తుంది. సినిమాల్లో, క్యాలెండర్లలో మీరు చూసే కోనసీమ ఇదే: పచ్చని కొబ్బరి తోట, నీలపు గోదారి, తెరచాప పడవ. ఆ అందం అబద్ధం కాదు. కానీ ఆ ఫ్రేములో చెట్టెక్కి దింపు తీసేవాడు ఎక్కడ? కొబ్బరి ఒలిచేవాడి అరచేతులు ఎక్కడ? చేలో వంగిన ఆడవాళ్ళ నడుములు ఎక్కడ? పోలరైజర్ మెరుపుని తీసేసినట్టు, ‘అందాల కోనసీమ’ అనే చూపు పేటని తీసేసింది. కాబట్టి ఫిల్టరు కొనండి, ఆ చూపు కొనకండి. సాంకేతికంగా మరో మాట: నల్లటి చర్మానికి రూపం ఇచ్చేది దానిమీది మెరుపే. నుదుటి మీద, చెంప ఎముక మీద పడే వెలుగు గీత వల్లే ముఖం లోతు తెలుస్తుంది. ముఖాలు తీసేటప్పుడు పోలరైజర్‌ని పూర్తిగా తిప్పితే ఆ జీవం పోతుంది. పైగా అది సగానికి పైగా వెలుగు తినేస్తుంది. ముఖానికి దానికంటే ఒక తెల్ల థర్మోకోల్ అట్ట మేలు, పక్కన పట్టుకుంటే నీడలో వెలుగు నింపుతుంది.

మూడోది ఎన్‌డీ. వెలుగుని అన్ని రంగుల్లో సమానంగా తగ్గించే నల్లద్దం. ఎండలో వీడియో ఇంటర్వ్యూ తీసేటప్పుడు షట్టర్ 1/50 దగ్గర పెట్టి లెన్సు బాగా తెరవాలంటే ఇది కావాలి. వీడియో తీయకపోతే ఇప్పుడే వద్దు. ఒక్కో లెన్సు మూతి కొలత ఒక్కోలా ఉంటుంది కాబట్టి పెద్ద కొలత ఫిల్టరు ఒకటి కొని, చిన్న లెన్సులకు స్టెప్-అప్ రింగులు వాడండి. డబ్బు మిగులుతుంది.

నాలుగో ఫిల్టరు ఒకటుంది, డబ్బు పెట్టి కొననిది. ఫోనులో ఉంటుంది, ముఖాన్ని తెల్లగా నున్నగా చేస్తుంది. మన పిల్లలు మన సభల ఫొటోలకే అది వేసి పెడుతున్నారు. షర్లీ కార్డుని కొడాక్ ఎప్పుడో మార్చుకుంది. మనం దాన్ని మన చేతులతో మన ముఖాలకు అతికించుకుంటున్నాం. దయచేసి ఆపండి.

సాక్ష్యం అయ్యే రోజు

2022 మే 24న, జిల్లాకు అంబేద్కర్ పేరు వద్దంటూ అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టినప్పుడు దేశమంతా మంటలు చూసింది. తర్వాత నిందితుల్ని గుర్తించడానికి పోలీసులు సీసీ కెమెరాల, ఫోన్ల దృశ్యాలనే ఆధారం చేసుకున్నారు. జిల్లాకు ఆ పేరే నిలిచింది. బొమ్మ రాజకీయమే కాదు, కేసు కూడా అని ఆ రోజులు మనకు చూపించాయి. చుండూరు గుర్తుందిగా: 1991 ఆగస్టు 6 హత్యలకు 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు శిక్షలు కొట్టేసింది. సాక్ష్యం ఎంత గట్టిగా కట్టుకోవాలో దానికంటే పెద్ద పాఠం లేదు.

కాబట్టి కెమెరా గడియారం నిమిషంతో సహా సరిచేసుకోండి. ఘటన ఫొటోలకు రంగు మార్చకండి, కత్తిరించకండి. రా, జేపెగ్ రెండూ దాచండి. కార్డు నుంచి తీసిన అసలు ఫైలుని ముట్టుకోకుండా రెండు చోట్ల ఉంచండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద డిజిటల్ సాక్ష్యానికి ధ్రువపత్రం ఇవ్వాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. అది ఫైలు వేలిముద్ర లాంటిది. అట్రాసిటీ చట్టంలో 15ఏ సెక్షన్ 10వ ఉపసెక్షన్ ప్రకారం ఆ కేసుల ప్రొసీడింగ్స్ అన్నీ వీడియో తీయాలి. అది బాధితుల హక్కు, అడిగి చేయించండి. అత్యాచార బాధితుల, పిల్లల ముఖాలు, గుర్తు పట్టే వివరాలు బయట పెట్టడం నేరం. మన పోస్టుకి లైకుల కోసం మన బిడ్డని రెండోసారి గాయపరచొద్దు.

నిలబెట్టుకోవడం

లెన్సుకి కోనసీమలో అసలు శత్రువు బూజు. గాలిలో తడికి గాజు మీద సాలెగూడులా పాకి, పూతని తినేస్తుంది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి, రంగు మారితే వేడిచేసి మళ్ళీ వాడండి. బియ్యం డబ్బాలో పెట్టకండి, పిండి దుమ్ము చేరుతుంది. పాత లెన్సు కొంటే టార్చి వేసి లోపల చూసి కొనండి. బూజుంటే ఎంత చవకైనా వద్దు.

ఫొటోలకీ ఇదే జాగ్రత్త. 1996 నవంబర్ 6 తుపాను ఈ తీరంలో వెయ్యికి పైగా ప్రాణాలు తీసింది. ఇల్లే కొట్టుకుపోయినచోట గోడకి తగిలించిన పెళ్ళి ఫొటో నిలుస్తుందా? తాతల ముఖాలు తెలియని పేటలు మనవి. అందుకే మీ మొదటి పని కొత్త ఫొటోలు తీయడం కాదు. ఇంటింటికీ వెళ్ళి మిగిలిన పాత ఫొటోల్ని, కిటికీ పక్క నీడ వెలుగులో, గాజు ఫ్రేము మెరుపు కొట్టకుండా, కాపీ తీయండి. పోలరైజర్ బాగా అక్కరకొచ్చేది అక్కడే. ప్రతి ఫొటోకీ పేరు, ఇంటిపేరు, ఏడు, చెప్పినవాళ్ళ పేరు రాసుకోండి. చెప్పినవాళ్ళకి ఒక ప్రింటు తిరిగి ఇవ్వండి. ‘ఒక మాల స్త్రీ’, ‘ఒక మాదిగ కూలీ’ అని రాసిన కాలం పోవాలి.

మీ మండలంలోని ఎదుర్లంకలో 1951లో పుట్టిన జి.ఎం.సి. బాలయోగి 1998లో లోక్‌సభకు తొలి దళిత స్పీకర్ అయ్యారు. ఆ కుర్చీలో ఆయన ఫొటోలు ఢిల్లీలో కావలసినన్ని దొరుకుతాయి. ఆయన పిల్లవాడిగా తిరిగిన రోజుల ఎదుర్లంక పేట ఎలా ఉండేదో చూపించే ఫొటో ఎవరింట్లో ఉంది? ఏ ట్రంకు పెట్టె అడుగున ఉంది? ఢిల్లీ కెమెరాలు అక్కడికి రావు. 35 మి.మీ. లెన్సు, ఒక పోలరైజర్, ఒక పెన్ను, ఒక నోటుబుక్కు పట్టుకుని మీరే వెళ్ళాలి.

వచ్చే భాగంలో గొంతు గురించి మాట్లాడుకుందాం: మన అమ్మమ్మల పాటల్ని ఎవరు రికార్డు చేశారు, ఎవరి పేరు మీద అచ్చయ్యాయి అని.

జై భీమ్.